జార్జి ముల్లర్ దూరదేశ యాత్రలు

ధ్యాన భాగములు: యాకోబు 1:27; కీర్తన 68:5

నిజమైన భక్తి యెట్టిదో తెలుపుచు యాకోబు వాడిన మాటలలో పరామర్శ యొకటి. ఈ మాట మన యిండ్లలో అందరికిని తెలిసినదే. చావు జరిగిన యింటికి, జబ్బుపడిన వారి యింటికి మనము పరామర్శకు పోవుదుము. కొందరు కాసేపు కూర్చుండి, కన్నీళ్లు తుడుచుకొని లేచి వత్తురు. మరి కొందరు ఆ యింట పొయ్యి వెలిగించి, పిల్లలకింత అన్నము పెట్టి మరీ వత్తురు. రెంటికిని పేరొక్కటే.

ఈ దినములలో విశ్వాసులు గుంపులుగా బయలుదేరి, పరదేశములలోని అనాథ బాలల గృహములను చూచి వచ్చుట విరివిగా జరుగుచున్నది. అందుచేత ఈ నెల మనము జార్జి ముల్లర్ గారి ప్రయాణములను జ్ఞాపకము చేసికొందము. ఆయన బ్రిస్టల్ అనాథ గృహముల సంగతి మన ప్రసంగ వేదికలమీద తరచుగా వినుచునే యున్నాము. డెబ్బదవ యేట ఆయన మొదలుపెట్టిన యాత్రల సంగతి మాత్రము అరుదుగా విందుము.

ముల్లర్ 1805 సెప్టెంబరు 27న ప్రష్యా దేశములోని క్రోపెన్‌స్టెట్ అను ఊరిలో పుట్టెను. తండ్రి సర్కారు పన్నులు వసూలు చేయు ఉద్యోగి. కుమారుడు ఆ పన్నుల సొమ్ములోనే చేతివాటము చూపుచుండెను. సత్రములలో దిగి, తిని, డబ్బియ్యక పోయినందున పదునారేండ్ల ప్రాయములో చెరసాలలో కూడ పడెను. ఇట్టి పిల్లవానిని పాదిరిని చేయవలెనని తండ్రి కోరిక! 1825లో హాలె పట్టణపు విశ్వవిద్యాలయములో చదువుచుండగా, ఒక సామాన్యుని యింటిలో జరుగు ప్రార్థన కూటమునకు స్నేహితుని వెంట వెళ్లెను. అక్కడనే అతని మనస్సు తిరిగెను.

ఆ హాలెలో ఫ్రాంకె అను దైవజనుడు స్థాపించిన గొప్ప అనాథ శరణాలయము కలదు. ఫ్రాంకె 1727లోనే గతించెను. బీద విద్యార్థులకు అక్కడ ఉచితముగా ఇచ్చు గదులలో ముల్లర్ కొంతకాలము బసచేసెను. హాలె పేరు తెలుగువారమైన మనకును పరాయిది కాదు. 18వ శతాబ్దపు మధ్యకాలమున, మద్రాసులో తెలుగు నేర్చిన బెంజమిన్ షూల్జ్ తిరిగి వెళ్లి, మన భాషలో క్రైస్తవ పుస్తకములు అచ్చువేయించినది ఆ ఊరిలోనే.

మారుమనస్సు పొందిన నాటనుండి ముల్లర్‌కు మిషనరీగా దూరదేశము పోవలెనని ఆశ. మొదటి ఎనిమిది సంవత్సరములలో అయిదు పర్యాయములు సిద్ధపడెను. ప్రతి పర్యాయమును ఏదో యొక ఆటంకము కలిగెను. 1829లో ఇంగ్లాండు చేరి, 1830లో మేరీ గ్రోవ్స్‌ను వివాహమాడెను. ఆమె అన్న ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ పేరు గోదావరి తీరపు సంఘముల వారు ఎరిగినదే. 1836లో బౌడెన్, బీర్ దంపతులను ఇంగ్లాండునుండి ఓడమీద వెంటబెట్టుకొని వచ్చినవాడు ఆయనే. వారు తరువాత నరసాపురములో స్థిరపడి సువార్త పనిచేసిరి. బావమరది ప్రపంచము తిరుగుచుండగా ముల్లర్ బ్రిస్టల్‌లో నిలిచిపోయెను.

అక్కడ 1835 నవంబరులో ఒక సహోదరి యింట తేనీటికి పోయినప్పుడు ఫ్రాంకె జీవిత చరిత్ర ఆయన చేతికి తగిలెను. పాత తలంపు మరల లేచెను. 1836 ఏప్రిల్ 11న విల్సన్ వీధిలో ఒక అద్దె యింటిలో ఆడపిల్లలతో పని మొదలాయెను. క్రమముగా ఇండ్లు పెరిగెను, పిల్లల అల్లరియు పెరిగెను, ఇరుగుపొరుగు వారి ఫిర్యాదులును వచ్చెను. అందుచేతనే ఊరి వెలుపల ఆష్లీ డౌన్ అను మెరకమీద సొంత భవనములు లేచినవి. మొదటిది 1849లో, అయిదవది 1870లో తెరువబడెను. అయిదింటిలో కలిపి 2,050 మంది పిల్లలకు చోటు. వీటికొరకు ఏ మనుష్యుని యొద్దను చేయి చాపలేదు, మోకాళ్లమీదనే అడిగెను. ఆయన జీవితకాలములో పదివేల మందికి పైగా పిల్లలు ఆ కప్పుల క్రింద పెరిగిరి.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. వందల మంది పిల్లలు గంట కొట్టగా లేచి, గంట కొట్టగా పండుకొనుట బాల్యమునకు మేలైన పద్ధతి యని మనము చెప్పజాలము. కాని నాడు వర్క్‌హౌసు అనబడు పేదల శ్రమశాల తప్ప ఆ పిల్లలకు వేరు గతి లేకుండెను. 1958లో ముల్లర్ వారసులే ఆ పెద్ద భవనములను విడిచి, పిల్లలను కుటుంబములవంటి చిన్న గృహములకు మార్చిరి. అది వివేకముగల పని.

భార్య మేరీ 1870లో మరణించెను. మరుసటి సంవత్సరము ఆయన సుసన్నా శాంగర్‌ను వివాహమాడెను. అదే సంవత్సరము ఏకైక కుమార్తె లిడియా జేమ్స్ రైట్‌ను వివాహమాడెను. అల్లుడు గృహముల భారములో పాలివాడాయెను. 1875 మార్చిలో ముల్లర్ భార్యతో ప్రయాణము కట్టెను. యౌవనములో అయిదుసార్లు మూయబడిన తలుపు ముసలితనములో తెరువబడెను. 1892 వరకు 42 దేశములు, ఇంచుమించు 2 లక్షల మైళ్లు! విమానములు లేని దినములవి. ఓడలు, రైళ్లు, గుఱ్ఱపు బండ్లు. ఎనుబదేండ్లు దాటిన శరీరము.

ఈ యాత్రలలో ఆయన పాటించిన నియమమొకటి మనము గమనింపదగినది. వాక్యము ప్రకటించుటయే ఆయన పని. బ్రిస్టల్ పిల్లలకొరకు ఎక్కడను చందా పట్టలేదు. తన గృహముల సంగతులు సహితము జనులు కోరిననే గాని చెప్పుటకు ఇష్టపడెడివాడు కాడు. అమెరికాలో శ్వేతసౌధమునకు పిలువబడి అధ్యక్షుడు హేస్‌ను చూచెను. అట్టి చోట్ల నోరు తెరిచి అడిగియున్నచో నిధులు కురిసెడివి.

హాలెండులో నిమేగెన్ పట్టణము దరి నేర్‌బోష్‌లో లిండెన్‌హౌట్ అను దైవసేవకుడు 1863లోనే ముల్లర్ మాదిరిని అనుసరించి అనాథ గృహము స్థాపించియుండెను. జపానులో జరిగినది మరింత విశేషము. 1886-87 చలికాలమున ముల్లర్ దంపతులు ఆ దేశములో ఉండిరి. ఒకాయామాలో వైద్యవిద్య చదువుచున్న ఇషీ జూజి అను యువకుడు ఆ ప్రసంగముల సంగతి తెలిసికొని కదిలిపోయెను. అంతకుముందే, యాత్రకు వచ్చిన యొక బీద తల్లి చేతిలోనుండి ఆమె కుమారుని తన యింట చేర్చుకొనియుండెను. 1887లో ఒక బౌద్ధ దేవాలయపు భవనము అద్దెకు తీసికొని అనాథ గృహము తెరచెను. రెండేండ్లకు తన వైద్య గ్రంథములను తగులబెట్టెను, వెనుదిరుగు దారి లేకుండునట్లు! 1906లో ఉత్తర జపానులో కరవు వచ్చినపుడు ఆ గృహములో పిల్లల సంఖ్య 1,200కు చేరెను. ముల్లర్ ఆ పిల్లలకు ఒక్క పౌను ఇచ్చి పోలేదు. జపాను బిడ్డలకు జపాను మనిషియే తండ్రియాయెను.

ఇంటివద్ద మాత్రము అంతయు సులభముగా లేదు. ఆ సంవత్సరములలో గృహముల రాబడి తగ్గిన కాలములు వచ్చెను. పెద్దాయన ఇంటిపట్టున ఉండవలసినది కాదా యని మనకును తోచును. మనలో ఎవరమైనను వెనుకకు తిరిగియుందుము. ఆయన తిరుగలేదు. అది సరియా కాదా యని తీర్పు తీర్చుట మాకు కష్టము.

ఆయన మన దేశమునకు రెండుసార్లు వచ్చెను. 1883-84లో బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములలో బోధించెను. రెండవసారి 1890 జనవరిలో జబల్‌పూరులో ఉండగా వార్త చేరెను. లిడియా ఆ నెల 10న ప్రభువునందు నిద్రించెను. ఇంచుమించు ముప్పది సంవత్సరములు జీతము లేక ఆ అనాథ పిల్లలకు సేవచేసిన కుమార్తె ఆమె. వేలమంది పరుల బిడ్డలను పెంచిన తండ్రి తన బిడ్డ సమాధియొద్ద నిలువలేకపోయెను. ఎనుబది నాలుగేండ్ల వృద్ధుడు, సముద్రములకు ఈవల. ప్రియ చదువరులారా, ఈ చోట మనము కొంచెము ఆగుదము. ఒంటరియైన అల్లుని తలంచి ఆయన ఇంటిదారి పట్టెను.

1892లో యాత్రలు ముగిసెను. 1894లో సుసన్నా కూడ గతించెను. ఆష్లీ డౌన్‌లో మూడవ భవనములోని గదులలో ఆయన పిల్లల నడుమ నివసించెను. 1898 మార్చి 9, బుధవారము సాయంకాలము ఎప్పటివలెనే ప్రార్థన కూటము నడిపించెను. మరునాడు తెల్లవారినపుడు పరిచారకురాలు తేనీరు తెచ్చి తలుపు తట్టగా బదులు రాలేదు. ఆయన మంచము ప్రక్కన నేలమీద పడియుండెను.