రహీం సాబ్: భయపడే కుర్రాళ్లతో గోల్డ్ కొట్టించిన హైదరాబాద్ టీచర్

బంతి తన వైపు వస్తుంటే కాళ్లు వణికే పిల్లాడు ఏ ఊరి స్కూల్లోనైనా ఉంటాడు. మోమిన్‌పేట్‌లో బేస్‌బాల్ బ్యాట్ పట్టినా, తాండూరులో కబడ్డీ కూతకు వెళ్లినా ఆ భయం ఒకటే. దాన్ని ఎలా పోగొట్టాలో 70 ఏళ్ల కిందటే చేసి చూపించిన మనిషి మన హైదరాబాద్‌లో ఉండేవారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. ఫుట్‌బాల్ వాళ్లకు రహీం సాబ్.

1909 ఆగస్టు 17న పుట్టిన రహీం వృత్తిరీత్యా బడి పంతులు. అందుకే కోచ్ అయ్యాక కూడా పాఠం చెప్పినట్టే ఆట నేర్పారు. కుర్రాళ్లకు ఆయన పెట్టిన పోటీలు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఒక టోర్నమెంట్‌లో డ్రిబ్లింగ్ నిషేధం, బంతిని పాస్ చేయాల్సిందే. మరో దాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. పొట్టి పిల్లలకు విడిగా ఇంకో పోటీ. చేతకాదనుకున్న పనే రోజూ చేస్తుంటే భయం దానంతటదే పోతుంది కదా!

సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం కథ మరోలా ఉంటుంది. ఆ కుర్రాడికి ఆట ఉంది, క్యాంపుకు వచ్చి వెళ్లడానికి డబ్బుల్లేవు. సైకిల్ అద్దె రహీం సాబే ఇచ్చారు. ఆ బలరాం తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడారు.

ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఎత్తింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత్‌కు గోల్డ్ వచ్చింది. అంతా బాగుందనుకుంటుండగానే పెద్ద దెబ్బ. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తు! మనవాళ్లలో చాలామంది ఆ చలిలో ఉత్తి కాళ్లతోనే ఆడారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన తొలి ఆసియా జట్టుగా భారత్ నిలిచింది.

అసలు పరీక్ష మాత్రం 1962 జకార్తా. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆటలకు రానివ్వలేదని భారత అధికారి జీడీ సోంధీ తప్పుపట్టడంతో ఇండోనేషియా జనం మనవాళ్లపై మండిపడుతున్నారు. పైగా రహీం సాబ్‌కు అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్.

ఇలాంటప్పుడు ఏ కోచైనా సేఫ్‌గా ఆడిస్తాడు. ఆయన మాత్రం కుట్లు పడ్డ జర్నైల్‌ను ఫార్వర్డ్‌గా దించారు! సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచాం. ఫైనల్లో ఎదురైంది మళ్లీ అదే కొరియా. ముందు రోజు రాత్రి ఆటగాళ్లకు నిద్ర పట్టలేదు. వాళ్లకు ఆయన స్పీచ్ ఏమీ దంచలేదు. తనకు ఒక్క కానుక కావాలని, రేపు గోల్డ్ గెలిచి ఇవ్వమని మాత్రం అడిగారు.

సెప్టెంబర్ 4న స్టేడియంలో సుమారు లక్ష మంది. మన జాతీయ గీతం వస్తుంటే ఒకటే గోల. భారత్‌కు మద్దతుగా అరిచింది పాకిస్థాన్ హాకీ జట్టు అంటే నమ్ముతారా? పీకే బెనర్జీ ఒక గోల్, ఫార్వర్డ్‌గా మారిన జర్నైల్ ఇంకో గోల్ కొట్టారు. 2-1తో గోల్డ్ మనదే.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. వయసు 53. అజయ్ దేవగణ్ హీరోగా 2024లో వచ్చిన మైదాన్ సినిమా ఆయన కథే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తర్వాత ఇప్పటిదాకా మరో గోల్డ్ రాలేదు.