కంప్యూటర్ శాస్త్రవేత్త జిమ్ గ్రే

పాతకాలపు వర్తకుల దుకాణాలలో రెండు పుస్తకాలుండేవి. ఒకటి చిట్టా, రెండవది ఆవర్జా. బేరం ముగిసిన మరుక్షణమే చిట్టాలో పద్దు పడేది. తీరిక దొరికినప్పుడు గుమాస్తా ఆ పద్దులను పేరుపేరునా ఆవర్జాకు ఎక్కించేవాడు. ఆవర్జా తడిసినా, చెదలు తిన్నా, చిట్టా మిగిలి ఉంటే లెక్క మళ్ళీ నిలబెట్టవచ్చు. చిట్టాలో పడని పద్దు మాత్రం ఎవరికీ దక్కేది కాదు. ఉర్దూ చదివినా, తెలుగు చదివినా మన విద్యార్థులకు ఈ రెండు మాటలూ పరాయివి కావు. ఈ పద్ధతిని కంప్యూటర్ల లోపలి నిల్వ యంత్రాంగానికి శాస్త్రబద్ధంగా అలవరచిన వారిలో అగ్రగణ్యుడు జేమ్స్ నికొలస్ గ్రే. లోకం ఆయనను జిమ్ గ్రే అని పిలిచింది.

గ్రే 1944 జనవరి 12న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జన్మించారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి, తల్లి ఉపాధ్యాయిని. తండ్రి ఉద్యోగరీత్యా పసితనం రోము నగరంలో గడిచింది. అందుచేత ఆ బాలునికి ఇంగ్లీషు కంటె ముందు ఇటాలియన్ పలుకులు అబ్బాయి. తరువాత తల్లిదండ్రులు విడిపోగా తల్లితో శాన్‌ఫ్రాన్సిస్కోకే తిరిగి వచ్చారు. 1961లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి, చదువు ఖర్చులకై మధ్య మధ్య ఉద్యోగం చేస్తూ 1966లో పట్టభద్రులయ్యారు. 1969లో అక్కడి కంప్యూటర్ శాస్త్ర విభాగం నుండి మొట్టమొదటి డాక్టరేటు పొందిన విద్యార్థి ఆయనే.

తరువాత ఐ.బి.ఎమ్. సంస్థలో ప్రవేశించి, శాన్‌హోసే పరిశోధనాలయానికి చేరారు. అచ్చట పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ 1970లోనే ఒక కొత్త సిద్ధాంతం ప్రకటించి ఉన్నారు. సమాచారమంతా పట్టికల రూపంలో కనబడాలనీ, అది డిస్కు మీద ఎక్కడ ఎలా దాగి ఉన్నదో అడిగేవాడికి తెలియనక్కరలేదనీ ఆయన వాదం. అది ఆచరణలో నిలబడదని శంకించిన వారు చాలామంది. నిలబడుతుందని చూపడానికే సిస్టమ్ ఆర్ అనే డేటాబేస్ నిర్మాణం మొదలైంది.

దానిలో రెండు అంతస్తులుండేవి. పై అంతస్తు మనిషి అడిగిన ప్రశ్నను అర్థం చేసుకొనేది. క్రింది అంతస్తు పద్దులను డిస్కుపై పదిలపరచి, అడిగినప్పుడు తీసి ఇచ్చేది. గ్రే పరిశ్రమ ఎక్కువగా ఈ క్రింది అంతస్తులోనిది. మేడను మెచ్చుకొనేవారు పునాదిని తలచరు. పునాది గుర్తుకు వచ్చేది గోడ బీటలు వారిన నాడే.

ఒక బ్యాంకులో రాముడి ఖాతా నుండి రహీము ఖాతాకు 100 రూపాయలు మార్చాలనుకుందాం. రాముడి ఖాతాలో తగ్గించిన తరువాత, రహీము ఖాతాలో కలపక ముందు, కరెంటు పోయింది. ఆ 100 రూపాయలు ఏమైనట్లు? లావాదేవీ జరిగితే పూర్తిగా జరగాలి, లేకపోతే అసలు జరగనట్లే ఉండాలి. గ్రే ఈ నియమాన్ని స్పష్టంగా నిర్వచించారు. అందుకు సాధనం మన చిట్టాయే. మార్పు డిస్కులోని అసలు చోటికి చేరకముందే చిట్టా భద్రమైన చోట పడి ఉండాలి. పలువురు ఒకేసారి ఒకే ఖాతాను తాకినప్పుడు తాళాలు ఏ క్రమంలో వేయాలో ఈశ్వరన్, లోరీ, ట్రైగర్ అనే సహచరులతో కలిసి 1976లో వివరించారు.

మాకు ముఖ్యంగా తోచేది మరొకటి. చేయుట, రద్దు చేయుట, తిరిగి చేయుట అనే మూడింటినీ వారు ఒక కట్టుబాటుగా పెట్టారు. నిల్వ యంత్రాంగానికి ఎవరు ఏ కొత్త క్రియను చేర్చినా, దానిని రద్దు చేసే భాగాన్నీ, చిట్టా చూసి తిరిగి జరిపించే భాగాన్నీ వెంటనే వ్రాసి తీరాలి. ఇది యంత్రానికి పెట్టిన నియమంలా కనిపిస్తుంది గాని, నిజానికి తరువాత వచ్చి ఆ ప్రోగ్రామును బాగుచేసే మనిషి కోసం పెట్టినది. మేమూ కొంతకాలం ఒక కార్యాలయం సొంతంగా వ్రాయించుకున్న నిల్వ ప్రోగ్రామును మరమ్మతు చేస్తూ గడిపినవారమే. తొందరలో ఒక సౌకర్యం చేర్చి, రద్దు చేసే భాగాన్ని రేపటికి వాయిదా వేశాము. ఆ రేపు రాకముందే కరెంటు పోయింది. ఒక పూట పద్దులన్నీ కాగితాలు చూసి తిరిగి ఎక్కించవలసి వచ్చింది. గ్రే వ్యాసాలు మాకు అర్థమైనది ఆ రాత్రి.

సిస్టమ్ ఆర్‌లో చిట్టాతో పాటు నీడ పుటలనే పద్ధతి కూడా ఉండేది. మారిన పుటను పాతదాని మీద వ్రాయక వేరొక చోట వ్రాసి, పాతదానిని కొంతకాలం నీడగా అట్టే ఉంచేవారు. చిన్న దస్త్రాలకు అది బాగానే ఉండేది. పెద్ద దస్త్రాలలో పుటలు చెల్లాచెదరై, ఏ పుట ఎక్కడున్నదో చెప్పే పట్టికయే ఒక బరువైంది. పైగా చిట్టా ఎలాగూ తప్పలేదు. 1981లో గ్రే, ఆయన సహచరులు తమ నిర్మాణాన్ని వర్ణిస్తూ వ్రాసిన వ్యాసంలో ఈ లోపాన్ని దాచలేదు. పెద్ద దస్త్రాలకు చిట్టా ఒక్కటే ఉండవలసిందని తామే ఒప్పుకున్నారు. తాము కట్టినదానిలో తప్పును తామే అచ్చువేయించే పండితులు ఏ దేశంలోనైనా అరుదు. అదే ఐ.బి.ఎమ్.లో మద్రాసు ఐ.ఐ.టి. విద్యార్థి సి. మోహన్, ఆయన సహచరులు 1992లో ప్రకటించిన ఏరీస్ పద్ధతి నీడలను విడిచి చిట్టా మీదనే నిలిచింది.

గ్రే 1980లో టాండమ్ సంస్థకు మారారు. ఎన్నడూ ఆగని కంప్యూటర్లను తయారుచేస్తామన్నది ఆ సంస్థ ప్రతిన. అవి నిజంగా ఎందుకు ఆగుతున్నాయో గ్రే లెక్క తీశారు. 1985లో వెలువడిన ఆ నివేదికలో యంత్ర భాగాల దోషం 18 శాతమే. సాఫ్ట్‌వేర్ దోషం 25 శాతం. నడిపేవారి, అమర్చేవారి, మరమ్మతు చేసేవారి చేతి పొరపాట్లు 42 శాతం. 1990 వరకు సాగిన తరువాతి గణనలో యంత్రాలు మరింత గట్టిపడగా సాఫ్ట్‌వేరే మొదటి స్థానానికి ఎక్కింది. వేగాన్ని కొలిచే పద్ధతిపై 1985లోనే ఒక వ్యాసం వ్రాసి, పలువురు చేయి వేశారు గనుక దానిని అనామకంగా ప్రచురించారు.

1995లో మైక్రోసాఫ్ట్‌లో చేరి భూమి చిత్రాలను, నక్షత్ర పటలాలను డేటాబేస్‌లలో అందరికీ అందుబాటులోకి తెచ్చారు. 1998 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం ఆయనను వరించింది.

2007 జనవరి 28, ఆదివారం. తల్లి చితాభస్మాన్ని ఫారలాన్ ద్వీపాల వద్ద సముద్రంలో కలపడానికి గ్రే తన తెరచాప పడవ టెనేషస్‌లో ఒంటరిగా బయలుదేరారు. నాడు సముద్రం ప్రశాంతంగానే ఉన్నది. పడవ తిరిగి రాలేదు. తీరరక్షక దళం రోజుల తరబడి గాలించి విరమించింది. మిత్రులు విరమించలేదు. ఉపగ్రహాలచేత, విమానాలచేత ఆ జలాలను చిత్రింపజేశారు. వేలాది స్వచ్ఛంద సేవకులు ఇళ్ళలో కూర్చుండి ఆ చిత్రాలను ముక్క ముక్కగా పరిశీలించారు. తరువాత సముద్రగర్భాన్నీ వెదకించారు. ఒక చెక్క ముక్క కూడా కనబడలేదు.

2008 మే 31న బర్క్‌లీలో మిత్రులు, శిష్యులు సమావేశమై ఆయన కృషిని స్మరించారు. 2012లో న్యాయస్థానం ఆయన మరణించినట్లు ప్రకటించింది. టెనేషస్ మాత్రం దొరకలేదు.