తండ్రి లేనివారికి తండ్రి: కందుకూరి వీరేశలింగము పంతులుగారు

గౌతమీతీరమునందలి రాజమహేంద్రవరమున, 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన, సుబ్బారాయుడుగారికిని పున్నమ్మగారికిని వీరేశలింగము పంతులుగారు జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రిని గోలుపోయి, పెదతండ్రి వెంకటరత్నముగారి పోషణమున పెరిగిరి. తండ్రి లేని లోటు వారికి పసితనముననే తెలిసినది. 1861లో వివాహమైనను సంతానము కలుగలేదు. అయినను దిక్కులేని ఆడుబిడ్డలెందఱో ఆ దంపతులను తల్లిదండ్రులుగా తలచిరి.

ఆ దినములలో ఆటపాటల వయసుననే పిల్లలకు పెండ్లిండ్లు చేయుచుండిరి. భర్త మరణించినచో ఆ పసిదాని బ్రతుకు చీకటి పాలగుచుండెను. వితంతువుల పునర్వివాహమునకు 1856లోనే శాసనము వచ్చినను, కూతునకు మరల పెండ్లి చేయ సాహసించు తండ్రి యరుదు. పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల నెలకొల్పి, ఆ యేడే వివేకవర్ధని పత్రికను వెలువరించి, జనుల మనస్సులను కదలింప మొదలిడిరి.

1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున గౌరమ్మకును గోగులపాటి శ్రీరాములునకును వారు జరిపించిన వివాహము తెలుగునాట ప్రసిద్ధమైనది. విద్యార్థులు అండగా నిలిచిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయ మొనర్చిరి. బంధువులు వెలివేసిరి. వంటవారును నీళ్లు తెచ్చువారును మానుకొనిరి. అప్పుడు పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరి నుండి నీరు మోసి, వచ్చినవారి కెల్ల వండి వడ్డించిరి.

పుస్తెకట్టించుటతో తండ్రి బాధ్యత తీరదని పంతులుగా రెఱుగుదురు. కొత్త దంపతులకు పుట్టింటి వాకిలియు, అత్తింటి వాకిలియు మూసికొనిపోవుచుండెను. వారికి నిలువనీడ కల్పించుట, ఉద్యోగము చూపుట, చేబదులిచ్చుట, కష్టసుఖములు విచారించుట పంతులుగారి పాలబడెను. వచ్చిన వరులందఱును ఆదర్శమును చూచి వచ్చినవారు కారు. ధనాశతో వచ్చి వేధించినవారును కొందఱుండిరి. అట్టివారి వలన మనసు నొచ్చినను, ఆడుబిడ్డల ముఖము చూచి పంతులుగారు చేపట్టిన పని విడువలేదు.

తమ తరువాత ఈ బిడ్డల గతి యేమన్న చింతతో, 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి, తమ యాస్తిని దాని కర్పించిరి. వితంతువులకు ఆశ్రయమును, బాలబాలికలకు విద్యయు నిచ్చుట దాని ధర్మము. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు పరమపదించిరి. సహధర్మచారిణి వియోగమునందును పంతులుగారు కార్యభారమును మోసి, 1919 మే 27వ తేదీన మద్రాసున కీర్తిశేషులైరి.

తండ్రులు తమ బిడ్డలకు ఆస్తి విడిచిపోవుట లోకమున కలదు. పంతులుగారు పరుల బిడ్డలకు తమ సర్వస్వము నిచ్చిపోయిరి. పితృత్వము రక్తముచేత కాక రక్షణముచేత సిద్ధించునని వారి జీవితము చాటుచున్నది. మన యూరిలో తండ్రి లేని బిడ్డ యొక్కటి యున్నను, దానికి అక్షరమును అన్నమును అండయు చూపిననాడే ఈ చరిత్ర చదివిన ఫలము మనకు దక్కును.