తంతిలేని వార్త – మార్కోనీ

పందొమ్మిదవ శతాబ్దము ముగియునాటికి పెద్ద నగరములనేకము తంతివార్తలచే ఒకటితో నొకటి కలిసియుండెను. సముద్రముల అడుగునను తంతులు పరచియుండిరి. కాని తీరము విడిచిన ఓడకు మాత్రము లోకముతో సంబంధము తెగిపోవుచుండెను. నడిసముద్రమున ఓడకు నిప్పంటుకొన్నను, మంచుకొండ తగిలినను, ఆ సంగతి ఒడ్డుననున్నవారికి తెలియు మార్గము లేకుండెను. సాగిపోవు ఓడకు తంతి కట్టుట ఎవరికి సాధ్యము? ఈ కొరతను తీర్చుటకై యౌవనమంతయు ధారపోసినవాడు గుగ్లియెల్మో మార్కోనీ.

మార్కోనీ 1874వ సంవత్సరము ఏప్రిల్ 25వ తేదీన ఇటలీదేశమునందలి బొలోనా నగరమున జన్మించెను. తండ్రి జుసెప్పె మార్కోనీ సంపన్నుడగు భూస్వామి. తల్లి ఆనీ జేమ్సన్ ఐర్లండు దేశపు వనిత. బొలోనాకు సమీపమున పొంటెక్కియో అను గ్రామమందు వారికి విల్లా గ్రిఫోనే అను పెద్ద భవనమును, దానిచుట్టు పొలములును ఉండెను. మార్కోనీ విశ్వవిద్యాలయమున చదివి పట్టము పొందినవాడు కాడు. కాని విద్యుచ్ఛక్తిని గూర్చిన పుస్తకము కంటబడినచో దానిని చదువక విడిచెడివాడు కాడు. తల్లి ఈ కుతూహలమును కనిపెట్టి ప్రోత్సహించెను. బొలోనాలో భౌతికశాస్త్రాచార్యుడగు ఆగస్టో రీగీ వారికి పొరుగువాడగుటచే, ఆయన ఉపన్యాసములు వినుటకును, ప్రయోగములు చూచుటకును అతనికి అవకాశము లభించెను.

హైన్రిక్ హెర్ట్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు విద్యుత్ తరంగములను పుట్టించి, అవి తంతి లేకుండగనే గదిలో ఒక మూలనుండి వేరొక మూలకు పోవునని 1888వ సంవత్సర ప్రాంతమున నిరూపించెను. ఆయన 1894లో ముప్పదియారేండ్ల చిన్నవయసుననే మరణించెను. ఆ యేడు మార్కోనీ హెర్ట్జు పరిశోధనలను గూర్చిన వ్యాసమొకటి చదివెను. ఈ తరంగములను చుక్కలుగను గీతలుగను విడదీసి పంపినచో వార్తలు చేరవేయవచ్చును గదా యని ఇరువదియేండ్ల ఆ యువకునకు తోచెను. నాటినుండి ఇంటిమేడపై గదియే అతనికి ప్రయోగశాల యయ్యెను. కొడుకు కాలము వృథా చేయుచున్నాడని తండ్రి విసుగుకొనెను. ఒకనాటి రాత్రి అతడు తల్లిని మేడపైకి పిలిచికొనిపోయి మీట నొక్కగా, ఏ తంతియు లేకయే గది ఆవలి ప్రక్కనున్న గంట మ్రోగెను.

గదిలో గంట మ్రోగినంతమాత్రమున ఓడకు మేలు కలుగదు. 1895లో మార్కోనీ తన పరికరములను ఆరుబయటికి తెచ్చెను. పంపుయంత్రమునుండి ఒక తీగను ఎత్తుగా నిలిపి, మరియొక తీగను భూమిలో పాతిన రేకునకు కలిపెను. తీగ ఎత్తు పెరిగినకొలది వార్త పోవు దూరమును పెరుగుచుండుటను అతడు గమనించెను. అన్న ఆల్ఫొన్సో వార్త నందుకొను యంత్రముతో పొలములలో దూరదూరముగా పోవుచు, సంకేతము అందగానే రుమాలు ఊపుచుండెను. కాని నడుమ కొండ అడ్డువచ్చినచో తరంగములు దాటగలవా? ఈ సందేహము తీర్చుకొనుటకు ఆల్ఫొన్సో తుపాకి చేతబట్టి, యంత్రముతో కొండ ఆవలికి పోయెను. అక్కడ రుమాలు ఊపినను కనబడదు. మార్కోనీ మీట నొక్కి చెవియొగ్గి నిలిచెను. కొండ ఆవలినుండి తుపాకి మ్రోత వినవచ్చెను. దాదాపు రెండు కిలోమీటర్ల దూరమును, అడ్డుగానున్న కొండను వార్త దాటిపోయెను.

1896లో అతడు తల్లితో కూడ ఇంగ్లండునకు పోయి, తన పద్ధతికి పేటెంటు కోరెను. అక్కడి తపాలాశాఖ ప్రధాన ఇంజనీరగు విలియం ప్రీస్ అతనికి చేయూత నిచ్చెను. 1897 మే నెలలో బ్రిస్టల్ కాలువ ఒడ్డున నీటిమీదుగా వార్త పంపు పరీక్ష జరిగెను. మొదటి రెండు దినములు ఫలితము సరిగా రాలేదు. మూడవనాడు వార్త నందుకొను యంత్రమును కొండచరియపైనుండి దిగువనున్న ఇసుకతీరమునకు దించి, తీగను మరికొంత పొడిగించిరి. వెంటనే ఫ్లాట్ హోమ్ దీవినుండి సంకేతములు స్పష్టముగా అందెను. పొంటెక్కియో పొలములలో నేర్చిన పాఠమే ఇక్కడను అక్కరకు వచ్చెను. 1899 మార్చిలో ఫ్రాన్సునుండి ఇంగ్లండునకు సముద్రముమీదుగా వార్త చేరెను. ఆ యేటనే ఇంగ్లండు తీరమున గుడ్విన్ ఇసుకమేటలకడ నిలిచిన దీపపు ఓడను వేరొక ఓడ ఢీకొనగా, నిస్తంత్రి వార్తచే ఒడ్డునుండి సాయము కోరగలిగిరి.

పిమ్మట మార్కోనీ అట్లాంటిక్ మహాసముద్రమును దాటింపదలచెను. భూమి గుండ్రనిది, తరంగములు తిన్నగా పోవును గనుక అవి ఆకాశమున కలిసిపోవునేకాని ఆవలి ఒడ్డున దిగవని శాస్త్రజ్ఞు లనేకులు తలచిరి. మార్కోనీ వెనుదీయలేదు. ఇంగ్లండునందు కార్న్‌వాల్ తీరమున పోల్డూ అను చోట, ఆంబ్రోస్ ఫ్లెమింగ్ అను ఆచార్యుని సాయముతో, గొప్ప ప్రేషక కేంద్రము నిర్మించెను. ఒక్కొక్కటి 200 అడుగుల ఎత్తుగల స్తంభములు ఇరువది వలయాకారముగా నిలిపిరి. 1901 సెప్టెంబరులో గాలివాన వచ్చి వాటిని కూల్చెను. మార్కోనీ కొద్దిపాటి స్తంభములతో కేంద్రమును తిరిగి నిలిపి, కెంప్, పాజెట్ అను ఇరువురు సహాయకులతో న్యూఫౌండ్‌లాండునకు ఓడ యెక్కెను.

అక్కడ సెయింట్ జాన్స్ రేవుపైనున్న సిగ్నల్ హిల్ అను కొండమీద, పాత వైద్యశాల గదిలో యంత్రము నమర్చిరి. అది డిసెంబరు నెల, చలిగాలులు విసరుచుండెను. తీగను పైకెత్తుటకు తెచ్చిన బెలూను గాలికి తెగిపోయెను. గాలిపట మొకటి ఎగిరిపోయెను. రెండవ గాలిపటము దాదాపు 500 అడుగుల తీగను మోసికొని నిలిచెను. డిసెంబరు 12వ తేదీ మధ్యాహ్నము పండ్రెండున్నర గంటలకు మార్కోనీ చెవిగొట్టమును కెంపునకు అందించెను. గాలిహోరు నడుమ మూడు చుక్కల సన్నని చప్పుడు! పోల్డూనుండి ముందుగా నిర్ణయించిన సంకేతమదియే. ఆ రెండు తీరముల నడుమ దూరము దాదాపు 3,500 కిలోమీటర్లు.

అయినను విన్నవారు ఇరువురే. కాగితముపై గుర్తేమియు లేదు. గాలిలోని మెరుపుల చప్పుడును విని పొరబడిరని కొందరనిరి. మార్కోనీ వాదములకు దిగక, 1902 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా అను ఓడలో ప్రయాణమై, పోల్డూ వార్తలను నాడాకాగితముపై తానే ముద్రించు యంత్రముతో అందుకొనెను. ఓడ అధిపతిచే దానిపై సంతకము చేయించెను. రాత్రివేళ ముద్రిత వార్తలు 2,500 కిలోమీటర్లవరకు అందెను. పగటివేళ మాత్రము దాదాపు 1,100 కిలోమీటర్లు దాటలేదు. పగటికిని రాత్రికిని గల ఈ భేదమును దాచక లోకమునకు వెల్లడించెను. ఈ కారణముననే 1901లో పట్టపగలు వినబడినది నిజముగా పోల్డూ సంకేతమేనా యని నేటికిని కొందరు శాస్త్రజ్ఞులు సందేహింతురు. తరంగములను మరల భూమికి త్రిప్పు విద్యుత్పొర ఆకాశమున కలదని తరువాత ఆపిల్టన్ 1924లో నిరూపించెను.

ఈ కీర్తి యంతయు మార్కోనీ యొక్కనిదే కాదు. తరంగములను పసిగట్టు సాధనమును బ్రాన్లీ, లాడ్జ్ మున్నగువారు రూపొందించిరి. మన జగదీశ చంద్ర బోసు 1895లో కలకత్తాలో తరంగములను గోడలగుండ పంపి గంట మ్రోగించెను. పాదరసముతో ఆయన నిర్మించిన సాధనమునకు, న్యూఫౌండ్‌లాండున మార్కోనీ వాడిన దానికి దగ్గర పోలిక కలదు. 1909లో నోబెల్ బహుమానమును మార్కోనీ జర్మనీ శాస్త్రజ్ఞుడగు ఫెర్డినాండ్ బ్రౌనుతో పంచుకొనెను.

1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడ మంచుకొండ తగిలి మునిగిపోయినపుడు, మార్కోనీ కంపెనీ ఉద్యోగులు పంపిన పిలుపును విని కార్పేతియా అను ఓడ పరుగున వచ్చి ఏడువందలకు పైబడిన ప్రాణములను కాపాడెను. 1,500 మందికి పైగా మరణించిరి. వారి మరణమును నివారింపలేకపోయినను, ఆ పిలుపే లేకున్నచో పడవలలోని వారి గతి యేమై యుండెడిదో!

తరువాతి కాలమున మార్కోనీ ముస్సోలినీ పక్షమున చేరి, 1930లో ఇటలీ రాయల్ అకాడమీకి అధ్యక్షుడై, స్వేచ్ఛను అణచిన ఆ ప్రభుత్వమునకు అండయగుట ఆయన జీవితమున మచ్చ. 1937 జూలై 20వ తేదీన రోము నగరమున ఆయన మరణించెను. అంత్యక్రియల వేళ బ్రిటనునందు రేడియో కేంద్రములు రెండు నిమిషములు మౌనము వహించెను.

ఒక గదినుండి పొలమునకు, పొలమునుండి కొండకు, కొండనుండి కాలువకు, కాలువనుండి మహాసముద్రమునకు ఆయన అడుగులు సాగెను. ప్రతి చోటను లోపమును వెదకి దిద్దుకొని ముందునకు పోయెను. ఊహలో తోచినదానిని గాలివానలో నిలిపి చూచినవానికే ఫలము దక్కునని మార్కోనీ జీవితము బోధించుచున్నది.