శాంతికై లెక్కకట్టిన శాస్త్రజ్ఞుడు: లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్

రేపు వాన కురియునా, ఎండ కాయునా అను సంగతి నేడు రేడియోలోనో చేతిఫోనులోనో ఎల్లరును తెలిసికొనుచున్నారు. తుపాను ఏ తీరమును ఎన్నడు తాకునో ముందుగా తెలియుటచేత సముద్రతీర గ్రామముల ప్రజలు ప్రాణములు దక్కించుకొనుచున్నారు. ఈ సూచనలకు ఆధారము గణితము. గాలియొక్క నేటి స్థితిని కొలిచి రేపటి స్థితిని సమీకరణములతో తెలియవచ్చునని నార్వే పండితుడు బ్యర్క్‌నెస్ 1904లో సూచించెను. ఆ లెక్కను మొట్టమొదట తన చేతితో చేసిచూచిన సాహసి లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. ఆయన ఆ పనిని యుద్ధభూమి చేరువను, గాయపడినవారిని మోసికొనిపోవు వాహనమును నడపుచు, తీరిక దొరకిన వేళలయందు సాగించెను. ఆ మహనీయుని చరిత్రను మా విద్యార్థుల కొరకు ఇచ్చట సంగ్రహముగా చెప్పుచున్నాము.

రిచర్డ్‌సన్ 1881 అక్టోబరు 11వ తేదీన ఉత్తర ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరమున జన్మించెను. తండ్రి డేవిడ్ తోళ్లను పదునుచేయు కర్మాగారము గలవాడు. తల్లి కాథరిన్. వారి ఏడుగురు సంతానములో ఇతడు కడపటివాడు. వారిది క్వేకరు కుటుంబము.

క్వేకరులన నెవరో మన పిల్లలకు తెలియకపోవచ్చును. 17వ శతాబ్దమున జార్జి ఫాక్స్ బోధనలవలన ఇంగ్లండులో ఏర్పడిన క్రైస్తవ శాఖ యిది. వీరు తమ్ము మిత్రసమాజమని పిలుచుకొందురు. వీరి ఆరాధనయందు పురోహితుడుండడు. అందరును ఒకచోట మౌనముగా కూర్చుందురు. ఎవరికైన అంతరంగమున మాట పుట్టినచో లేచి చెప్పుదురు. ఏ కారణముచేతను ఆయుధము పట్టమని వీరు 1661లోనే తమ రాజగు రెండవ ఛార్లెసునకు విన్నవించిరి. ఆ నియమమునకై చెరసాలల పాలైనవారు వీరిలో ఎందరో కలరు. ప్రాచీన విశ్వవిద్యాలయముల పట్టములు ఇట్టివారికి చిరకాలము దక్కలేదు. అందుచే వీరు తమ బిడ్డలకై తామే పాఠశాలలు కట్టుకొనిరి.

అట్టి పాఠశాలలలో ఒకటి యార్కు నగరమందలి బూథమ్. అది 1823లో స్థాపింపబడెను. రిచర్డ్‌సన్ 1894లో, పదుమూడవ యేట, అందు చేరి నాలుగేండ్లు చదివెను. బాలురు అక్కడనే వసించి, ఉపాధ్యాయులతో కలసి భుజించుచు, కలసి మౌనారాధనలో కూర్చుండుచు పెరుగుచుండిరి. సైనిక కవాతు ఆ విద్యలో భాగము కాదు.

ఆ పాఠశాలకు మరియొక విశేషము కలదు. అచ్చటి ప్రకృతిశాస్త్ర సంఘము 1834లోనే ఏర్పడినది. ఇంగ్లండు దేశమున శీతకాలము దీర్ఘమైనది. మార్చి, ఏప్రిలు నెలలలో మంచు తొలగి వసంతము రాగా చెట్లు చిగిర్చును, దక్షిణమున శీతకాలము గడపిన పక్షులు మరలివచ్చును. ఆ సంఘమునకు చెందిన బాలురు పొలములకును నదీతీరములకును పోయి, తాము చూచినదానిని దినచర్య పుస్తకములలో వ్రాయుట అలవాటు. వినినది వ్రాయుటకంటె కన్నది వ్రాయుట అచ్చట గౌరవము. జె. ఎడ్మండ్ క్లార్క్ అను ఉపాధ్యాయుడు వాతావరణశాస్త్రమున నిపుణుడు. ఋతువుల రాకతో చెట్లయందును పక్షులయందును కలుగు మార్పులను ఏటేట నమోదుచేయు శాస్త్రమునందును ఆయన కృషిచేసెను. ఆ గురువువలన రిచర్డ్‌సనునకు ఆకాశముపై ఆసక్తి కలిగెను. శాస్త్రము నీతికి లోబడి యుండవలెనను నమ్మకమును సైతము తాను బూథమ్ నుండియే తెచ్చుకొంటినని ఆయన తరువాత చెప్పుకొనెను. ఈ రెండు బీజములే ఆయన జీవితమంతయు ఫలించినవి.

బూథమ్ విడిచినపిదప ఆయన న్యూకాసిల్‌లోను, పిమ్మట కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలోను చదివి 1903లో పట్టము పొందెను. బురదనేలలో నీరెట్లు పారునో తెలియగోరి, కఠిన సమీకరణములను చిన్నచిన్న కూడికలుగా విడదీసి సాధించు పద్ధతిని పెంపొందించెను. 1909లో డోరతీ గార్నెట్‌ను వివాహమాడెను. వారికి సంతానము కలుగమిచే ముగ్గురు పిల్లలను పెంచుకొనిరి. 1912 ఏప్రిలులో టైటానిక్ ఓడ మంచుకొండను ఢీకొని మునిగిన కొద్దికాలమునకే, ప్రతిధ్వని సాయమున మంచుకొండలను ముందుగా కనిపెట్టు ఉపాయమునకు ఆయన పేటెంటు కోరెను. 1913లో స్కాట్లండునందలి ఎస్క్‌డేల్‌మ్యూర్ వేధశాలకు అధికారియై వాతావరణ గణితమును ఆరంభించెను.

1914లో ప్రపంచయుద్ధము వచ్చినది. బూథమ్‌లోనే చదివిన ఫిలిప్ నోయెల్ బేకర్ మొదలగువారు ఆ యేటనే మిత్రుల ఆంబులెన్సు దళమును కూర్చిరి. ఆ నోయెల్ బేకరే 1959లో నోబెల్ శాంతి బహుమానము నందెను. చంపుటకు ఒప్పని యువకులు ప్రాణములు కాపాడుటకై ఆ దళమున చేరిరి. వేధశాలలో రిచర్డ్‌సనునకు సుఖమైన ఉద్యోగము కలదు. అయినను 1916లో ఆయన దానికి రాజీనామా యిచ్చి, ఫ్రాన్సునకు పోయి, ఫ్రెంచి పదాతిదళమున కనుబంధముగా నున్న పదుమూడవ ఆంబులెన్సు విభాగమున డ్రైవరుగా చేరెను. గుండ్లు పడుచున్న త్రోవలలో, రాత్రులయందు, గాయపడినవారిని వైద్యశాలలకు చేర్చుట ఆయన పని.

విరామము దొరకినపుడు చలిగదిలో గడ్డిమోపును బల్లగా చేసికొని ఆయన లెక్కలు వేసెను. 1910 మే 20వ తేదీ ఉదయమున ఐరోపాలో కొలిచిన గాలియొత్తిడి, వేగము, తేమ మొదలగువాని అంకెలు ఆయనకు లభించినవి. ఆ వసంతదినమున ఆరుగంటల కాలములో మధ్య జర్మనీపై గాలి ఎట్లు మారవలెనో గణించుటకు సుమారు ఆరువారములు పట్టెను. 1917 ఏప్రిలులో షాంపేన్ యుద్ధము జరుగునపుడు ఆ వ్రాతప్రతిని భద్రతకై వెనుకకు పంపగా అది పోయినది. కొన్ని నెలలకు బెల్జియమున ఒక బొగ్గుకుప్ప క్రింద దొరకినది!

ఇంత శ్రమపడి సాధించిన ఫలితము తప్పు. గాలియొత్తిడి 145 మిల్లీబార్లు మారునని లెక్కలో వచ్చెను. నిజమునకు ఆనాడు ఒత్తిడి దాదాపు మారనేలేదు. ఘోరమైన తుపానులో సైతము ఆరుగంటలలో అంత మార్పు కలుగదు. మరియొకడైనచో ఆ కాగితములను దాచివేసి యుండును. రిచర్డ్‌సన్ 1922లో ప్రకటించిన తన గ్రంథములో ఆ లెక్కనంతయు, తప్పుతో కూడ, అచ్చువేయించెను. భూమి నలుమూలల వాతావరణమును ఎప్పటికప్పుడు గణించుటకు ఒక మహామందిరమున 64,000 మంది లెక్కలు వేయువారు కూర్చుండవలెనని అందు ఊహించెను. నాడు ఆ మాట కలవలె తోచినది. కాని 1950లో అమెరికాలో ఎనియాక్ అను కంప్యూటరు తొలి సూచనను గణించినపుడు, చార్నీ అను శాస్త్రజ్ఞుడు ఆ ఫలితములను రిచర్డ్‌సనునకు పంపగా ఆయన సంతోషించి అభినందించెను. ఆయన పద్ధతి సరియైనదేననియు, తొలి అంకెలలోని చిన్న అసమతౌల్యమే పొరపాటునకు కారణమనియు ఐర్లండు పండితుడు పీటర్ లించ్ తరువాత నిరూపించెను. తప్పును దాచనందుననే దానిని దిద్దుట పరులకు సాధ్యమైనది.

యుద్ధము ముగిసినపిదప ఆయన మరల వాతావరణశాఖలో చేరెను. కాని 1920లో ఆ శాఖను ప్రభుత్వము వైమానిక మంత్రిత్వశాఖ క్రిందికి మార్చెను. సైనిక విమానములకు సేవచేయుట ఆయన మనస్సు కంగీకారము కాలేదు. తనకు ప్రాణసమానమైన పనిని వదలి, లండనునందలి ఒక ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో బోధకుడాయెను. 1926లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా గౌరవించెను. గాలిలోని సుడులను గురించిన తన పరిశోధనపై విషవాయువుల నిపుణులు ఆసక్తి చూపుచున్నారని తెలిసినపుడు ఆయన ఆ పరిశోధనను మానుకొని, ప్రకటింపక మిగిలినదానిని నాశనము చేసెనని ఆయన భార్య చెప్పెను. బిడ్డలారా, పేరు తెచ్చు విద్యను సంపాదించుటకు ఎంత కష్టపడవలెనో మీరెరుగుదురు. ఆ విద్య పరులను చంపుటకు పనికివచ్చునని తెలిసి దానిని వదలుకొనుటకు అంతకంటె గొప్ప ధైర్యము కావలెను.

ఆయన వట్టి నిరాకరణతో ఊరకుండలేదు. గాలిని లెక్కించినట్లే యుద్ధమును లెక్కింపబూనెను. 1919లోనే యుద్ధమును గూర్చిన గణితగ్రంథమును స్వంతముగా అచ్చువేయించి, తన ఆంబులెన్సు సహచరులకు అంకితమిచ్చెను. పొలముగట్టు తగవులో ఒకడు కఱ్ఱ తెచ్చిన రెండవవాడు గొడ్డలి తెచ్చును. దానిని చూచి మొదటివాడు బరిసె వెదకును. దేశముల ఆయుధసంచయము ఇట్లే పెరుగునని ఆయన సమీకరణములుగా వ్రాసెను. ఎదుటివాని ఆయుధముల భయమును, పూర్వపు పగలును ఆయుధములను పెంచును, ఖర్చుభారము తగ్గించును. మనుష్యులు ఆగి ఆలోచింపనిచో ఇట్లు జరుగునని చెప్పుటయే తన గణితముయొక్క తాత్పర్యమని ఆయన భావము.

1929 నుండి స్కాట్లండునందు పైస్లీ సాంకేతిక కళాశాలకు అధ్యక్షుడుగా నుండి, 1940లో ముందుగానే విరమించి, శేషజీవితమును ఈ పనికే అర్పించెను. 1820 మొదలు తన కాలమువరకు లోకమున జరిగిన ప్రాణాంతక కలహములను సేకరించి, చచ్చినవారి సంఖ్యనుబట్టి తరగతులుగా కూర్చెను. ఒకడు చచ్చిన హత్యకు సున్న, వేయిమంది చచ్చిన పోరునకు 3, పదిలక్షలకు 6, కోటికి 7. హత్యయు యుద్ధమును ఒకే కొలబద్దపైకి చేరినవి. ఎక్కువ దేశములతో సరిహద్దు గలవి ఎక్కువ యుద్ధములలో పాల్గొన్నవని ఆయన కనుగొనెను. సరిహద్దుల పొడవులు వెదకగా మరియొక వింత బయటపడెను. స్పెయిన్, పోర్చుగల్ దేశముల నడిమి సరిహద్దు ఒక గ్రంథమున 987 కిలోమీటర్లు, మరియొకదానియందు 1,214 కిలోమీటర్లు! కొలుచు కఱ్ఱ చిన్నదగుకొలది వంపులన్నియు లెక్కకు వచ్చి పొడవు పెరుగునని ఆయన చూపెను. 1967లో మాండెల్‌బ్రాట్ ఈ సంగతినే ఆధారముగా గొని ప్రసిద్ధ వ్యాసము వ్రాసెను.

మనవంటి పాఠశాలకు ఆయన పరిశోధనలో ముఖ్యముగా తెలియదగిన దొకటి కలదు. లోకమంతయు ఒకే భాష మాటలాడినచో యుద్ధములు ఉండవని ఆ కాలమున పలువురు నమ్ముచుండిరి. రిచర్డ్‌సన్ ఆ నమ్మకమును సైతము లెక్కలతో పరీక్షించెను. ఏకభాష వలన యుద్ధములు తగ్గినట్లు సామాన్యముగా కనబడలేదు. స్పానిష్ మాటలాడువారు తమలో తాము అనుకొన్నదానికంటె ఎక్కువగా పోరిరి. చీనా భాషవారు తక్కువగా పోరిరి. ఇంట తెలుగును, బజారులో పొరుగుభాషను మాటలాడుచు తరతరములుగా కలసి బ్రతుకుచున్న మనకు ఈ ఫలితము ఊరట గొలుపును. స్నేహమునకై మనము మన భాషను విడువనక్కరలేదు. పొరుగువాని భాషను చూచి వెరవనక్కరయు లేదు.

రిచర్డ్‌సన్ 1953 సెప్టెంబరు 30వ తేదీన స్కాట్లండునందలి కిల్మన్ గ్రామమున, 71వ యేట, నిద్రలోనే కన్నుమూసెను. యుద్ధములను గూర్చిన ఆయన రెండు మహాగ్రంథములు 1960లో గాని అచ్చుకాలేదు. లాంకాస్టర్ విశ్వవిద్యాలయమందలి శాంతి పరిశోధన సంస్థ నేడు ఆయన పేరు ధరించియున్నది.

యుద్ధములు ఆగలేదు కదా, ఆయన శ్రమ వృథాయే కదా అని కొందరు తలపవచ్చును. ఆయన తొలి వాతావరణ గణనయు ఆనాడు వృథాయే యనిపించెను. శాంతిని కోరువారు పెక్కురు. దానికై ముప్పది యేండ్లకు మించి అంకెలు కూర్చి, తప్పులు దిద్దుకొనుచు శ్రమించినవారు కొందరే. విద్యార్థులారా, ఈ వసంతమున మామిడి ఏ దినమున పూచెనో, కోకిల ఏ దినమున తొలుత కూసెనో మీ నోటుపుస్తకమున వ్రాసికొనుడు. మీ తరగతిలో ఇద్దరు కలహించినపుడు ఎవరు ముందు ఏమనిరో, దేనికి భయపడిరో, అంతే శ్రద్ధతో విచారించి చూడుడు. రెంటికిని కావలసినది ఒకటే: ఓపికతో చూచి, చూచినదానిని ఉన్నదున్నట్లు చెప్పుట. రిచర్డ్‌సన్ బాల్యమున నేర్చినదియు అదియే.