పీటరు పాలు రూబెన్సు

తైలవర్ణచిత్రకారులలో నగ్రగణ్యుఁడని పాశ్చాత్యులు కీర్తించు పీటరు పాలు రూబెన్సు క్రీ. శ. 1577వ సంవత్సరమున జర్మనీదేశములోని సీగెను పట్టణమున జన్మించెను. న్యాయవాదియగు తండ్రి 1587లో గతింపఁగాఁ దల్లి బిడ్డలతోఁ దమ పూర్వనివాసమగు ఆంట్వెర్పు నగరమునకు మరలి వచ్చెను. అచ్చట మువ్వురు గురువులకడఁ జిత్రలేఖన మభ్యసించి, 1598లో నా నగర చిత్రకారశ్రేణియందుఁ బ్రవేశము వడసెను. శ్రేణి యనఁగా మన వృత్తిసంఘముల వంటిదే.

1600లో నిటలీ కేఁగి, మాంటువా ప్రభువు కొలువునఁ జేరి, పూర్వుల చిత్రములను జూచి చూచి వ్రాసికొనెను. తల్లి వ్యాధివార్త విని 1608లో మరలివచ్చునప్పటి కామె గతించియుండెను. పిమ్మటి యిరువదేండ్ల వైభవమును బెక్కురు వర్ణించిరి, నేను విస్తరింపను. నాకు ముఖ్యముగాఁ దోఁచునది 1628వ సంవత్సరము.

ఆ యేఁట నతఁడు రాయబారియై స్పెయినురాజగు నాల్గవ ఫిలిప్పు కొలువునకుఁ బోయెను. వయస్సేఁబదియొకటి; శిష్యులతో నిండిన చిత్రశాలకు నధిపతి. అట్టివాఁడు మాడ్రిడు రాజప్రాసాదములోని టిషియను చిత్రముల యెదుట, క్రొత్తగాఁ గుంచె పట్టిన బాలునివలె నిలిచి, వానికిఁ బ్రతికృతులు వ్రాయ నారంభించెను. టిషియను గతించి యప్పటి కర్ధశతాబ్దము దాఁటినది. అడుగుటకు గురువు లేఁడు; పటమే గురువు. తైలవర్ణము మెల్లగా నాఱును. అడుగుపూఁత యాఱిన పిదప దానిపైఁ బలుచని పారదర్శకపుఁ బూఁతలు వేసి చిత్రకారుఁడు శరీరచ్ఛాయను సాధించును. ఏ పొర ముందో, యేది పిదపనో చూచినంతమాత్రమునఁ గంటికిఁ దెలియదు. మరల వ్రాసినచోఁ జేతికిఁ దెలియును. ఆస్థానచిత్రకారుఁడగు వెలాస్క్వెజు, అప్పటి కిరువదితొమ్మిదేండ్లవాఁడు, ఆ దినములలో నతనితో మెలఁగి, 1629లోఁ దానును నిటలీకిఁ బ్రయాణమయ్యెను.

ప్రతికృతి వ్రాయుట చౌర్యమని మనవారిలోఁ గొంద ఱీసడింతురు. చిత్రశిల్పవృత్తులవారు మన కులమునఁ బెక్కురు గలరు గనుక నీ మాట యెత్తవలసివచ్చినది. ఆదాము–అవ్వల పటమును వ్రాయునపుడు రూబెన్సు ఆదామును ముందునకు వంచెను. మూలమున లేని చిలుకను జెట్టుపైఁ జేర్చెను. దొంగ యిట్లు చేయునా? ఆ ప్రతికృతిని మరణపర్యంతము తనకడనే యుంచుకొనెను.

1640లో నతఁడు దివంగతుఁడైన పిమ్మట దానిని ఫిలిప్పురాజే కొనెను. నేఁడది మాడ్రిడులోని ప్రాడో చిత్రశాలయం దున్నది. టిషియను మూలమును నచ్చటనే కలదు. ఐదవ చార్లెసు చక్రవర్తి దంపతుల రూపపటమున కట్టి యదృష్టము లేకపోయెను. టిషియను వ్రాసిన మూలము నశించెను. దాని స్వరూపము మనకుఁ దెలియుచున్నది రూబెన్సు ప్రతికృతివలననే.