యంత్రానికి మన మాట నేర్పిన గ్రేస్ హాపర్

మన బడిలో లెక్కలు నేర్చుకొని నేడు కంప్యూటర్ రంగంలో స్థిరపడిన మిత్రులకు కంపైలర్ గురించి చెప్పనక్కరలేదు. మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే సంకేతాల్లోకి మార్చే సాధనమది. దానికి బాట వేసినవారిలో ముఖ్యురాలైన గ్రేస్ హాపర్‌ను ఇప్పటి విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆమె 1906 డిసెంబరు 9న న్యూయార్క్‌లో జన్మించారు. ఏడేళ్ల వయసులో, అలారం గడియారం ఎలా మోగుతుందో చూద్దామని ఇంట్లోని ఏడు గడియారాలనూ విప్పేశారట. లాటిన్ పరీక్ష తప్పడంతో వాసర్ కళాశాలలో చేరడానికి ఒక ఏడాది ఆగవలసి వచ్చింది. 1928లో అక్కడే పట్టా పొంది, తర్వాత అక్కడే గణితం బోధించారు. 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ అందుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళంలో చేరబోతే వయసు ఎక్కువని, బరువు తక్కువని అభ్యంతరం చెప్పారు. ఆమె పట్టు విడవలేదు. 1943లో చేరి, మరుసటి ఏడాది హార్వర్డ్‌లోని మార్క్ 1 యంత్రం దగ్గర పనిలో కుదిరారు. అక్కడ ఒకరి నోటు పుస్తకంలోని ఆదేశాలను ఇంకొకరు చేత్తో ఎక్కించుకునేవారు. ఒక్క అంకె తప్పితే లెక్కంతా తప్పేది. ఎక్కించే పనిని యంత్రానికే అప్పగిస్తే పోలేదా అన్న ఆలోచన ఇలాంటి అనుభవం నుంచే పుట్టింది.

1949లో యూనివాక్ తయారీ సంస్థలో చేరి, 1952లో ఏ-0 అనే కంపైలర్‌ను సిద్ధం చేశారు. టేపు మీద భద్రపరిచిన ఆదేశాల గుంపులను అది తానే వెతికి తెచ్చి, ఒకే ప్రోగ్రాముగా కూర్చేది. నేటి కంపైలర్లతో పోలిస్తే చిన్నదే, కానీ దారి చూపింది అదే. తర్వాత ఇంగ్లీషు మాటలతో రాసే ఫ్లో-మాటిక్ భాషను రూపొందించారు. 1959లో మొదలైన కోబాల్ రూపకల్పనకు అదే ముఖ్య ఆధారం.

అయితే అసలు చిక్కు అప్పుడే మొదలైంది. భాష ఒక్కటే, కంపైలర్లు మాత్రం కంపెనీకొకటి. ఒకచోట సరిగా నడిచిన ప్రోగ్రాము మరోచోట తేడాగా నడిస్తే జీతాల లెక్కలు ఏమవుతాయి? నౌకాదళం 1966లో రిటైరైన ఆమెను మరుసటి ఏడాదే ఆరు నెలల కోసమని వెనక్కు పిలిచింది. ఆ ఆరు నెలలు 19 ఏళ్లయ్యాయి. ఏ కంపెనీ కంపైలరైనా ప్రమాణానికి కట్టుబడి ఉందో లేదో తేల్చే పరీక్షలను ఆమె బృందం తయారు చేసింది. నా దృష్టిలో ఆమె చేసిన సేవల్లో ఇది ఏ-0 కన్నా తక్కువది కాదు.

1986లో 79 ఏళ్ల వయసులో రియర్ అడ్మిరల్ హోదాలో పదవీ విరమణ చేశారు. నానోసెకనులో విద్యుత్తు ఎంత దూరం పోగలదో చూపడానికి అడుగు పొడవుకు కాస్త తక్కువుండే తీగ ముక్కలను సభల్లో పంచిపెట్టేవారు. 1992 జనవరి 1న కన్నుమూశారు.

అంతకు కొన్ని నెలల ముందే, 1991లో, లినక్స్ తొలిసారి వెలువడింది. దాని మీద పనిచేసేవారిని నేటికీ వేధించే ప్రశ్న ఒకటుంది. కంపైలర్ కొత్త వెర్షన్ వస్తే నిన్నటి ప్రోగ్రాము నిన్నటిలాగే నడుస్తుందా? సీ భాషా ప్రమాణం తేల్చకుండా వదిలేసిన చోట్ల జీసీసీ ఒకలా, క్లాంగ్ ఇంకోలా నడుచుకోవచ్చు. అందుకే కొత్త వెర్షన్‌ను నమ్మే ముందు పరీక్షించి చూడాలి. హాపర్ నేర్పిన పద్ధతీ అదే. లెక్కలంటే ఇష్టపడే మన బడి పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఆమె పేరు గుర్తుంచుకోవాలని నా కోరిక.